తాలింఖానా గేటు మీది గుర్తు

పోలీసు శాఖ నుంచి రిటైరు కావడానికి మూడేళ్ల ముందు, మాఘమాసం మొదట్లో, నన్ను ఒంగోలు చుట్టుపక్కల ఒక సర్కిల్‌కు ఇన్‌స్పెక్టరుగా బదిలీ చేశారు. సర్కిల్ అంటే మూడు నాలుగు పోలీస్ స్టేషన్లు కలిసిన ప్రాంతం. స్టేషనుకొక ఎస్సై ఉంటాడు. ఆ ఎస్సైల పని చూసుకునేది సర్కిల్ ఇన్‌స్పెక్టరు, మాపైన సబ్ డివిజన్‌కు డీఎస్పీ. ఆ సర్కిల్ పేరూ, ఈ సంగతి జరిగిన ఊరి పేరూ ఇక్కడ రాయను. మనుషుల పేర్లు కూడా మార్చాను. వాళ్లు ఇప్పుడు బాగానే ఉన్నారు. చీమకుర్తి నుంచి గ్రానైట్ బండలతో లారీలు వచ్చే రోడ్డు పక్కన, చుట్టూ మిరప, పత్తి పొలాలున్న పెద్ద ఊరని చెబితే చాలు.

నేను చార్జి తీసుకున్న వారానికే డీఎస్పీ గారు పిలిచి ఒక అర్జీ చేతికిచ్చారు. దాని మీద ‘విచారించి నివేదించండి’ అని రాసి సంతకం పెట్టి ఉంది. అలా రాసిన అర్జీని మేము పక్కన పెట్టడానికి వీల్లేదు. వెళ్లి చూసి, మనుషుల్ని అడిగి, చర్య అవసరమో కాదో తేల్చి రాయాలి. అర్జీలో ఉన్నది ఇదీ. ఊళ్లో మస్తాన్ వలీ అనే ఆయన కర్రసాము నేర్పుతాడు. ఆ బడిని ఊరివాళ్లు తాలింఖానా అంటారు. దాని కొత్త గేటు మీద, పిల్లల చొక్కాల మీద ఆయన నెలవంక గుర్తు వేయించాడనీ, హిందువుల పిల్లల చేత అది తొడిగిస్తున్నాడనీ, వెంటనే చెరిపించాలనీ.

విడిగా చూస్తే చిన్న అర్జీయే. కానీ శివరాత్రి దగ్గరపడింది. ఆ ఊరి తిరునాళ్లకు ప్రభ కడతారు. వెదురుబొంగులతో అంతెత్తున కట్టి, రంగు కాగితాలూ లైట్లూ అలంకరించిన ప్రభను ట్రాక్టరు మీద నిలబెట్టి ఊరేగిస్తారు. దాని ముందు కర్రసాము చేస్తూ నడిచేది తాలింఖానా పిల్లలే. ఆ చొక్కాలు వేసుకుంటే ప్రభ ముందుకు రానివ్వమని కొందరు కుర్రాళ్లు అంటున్నారు. చొక్కాలు విప్పమంటే అసలు రామని మస్తాన్ వలీ అంటున్నాడు. ఊరేగింపుకు పోలీసు చట్టం కింద లైసెన్సు ఇవ్వాల్సింది మేము. ఇస్తే గొడవ జరగొచ్చు, ఇవ్వకపోతే తిరునాళ్లే ఆగిపోతుంది. ఆగిపోతే ఆ నింద ఎవరి మీద పడుతుందో ఆ ఊళ్లో అందరికీ తెలుసు. ఈలోపు చొక్కా ఫొటో ఫోన్లలో పక్క ఊళ్లకు కూడా పాకింది.

ఆ స్టేషను ఎస్సై కిరణ్ చురుకైనవాడు. గేటుకు సున్నం కొట్టించేస్తే సమస్య పోతుందని అతని అభిప్రాయం. “రేపు పొద్దునకల్లా గేటు తెల్లగా ఉంటది మేడం, తిరునాళ్లయ్యాక చూసుకోవచ్చు” అన్నాడు. ముందు ఆ గుర్తేమిటో చూద్దాం పదండి అన్నాను.

తాలింఖానా అంటే మరేమీ లేదు. లారీల కింద ఉండే ఇనుప స్ప్రింగులు, అంటే కమాన్ కట్టలు, బాగుచేసే మస్తాన్ వలీ షెడ్డు, దాని వెనక రేకులు కప్పిన పెద్ద చావడి, లోపల ఇసక పరిచిన నేల. షెడ్డుకు ఒక పక్క ఇరుకు వీధి. ఇంకో పక్క, చిన్న తలుపు అవతల, మిర్చి కల్లం. కోసిన కాయలు టార్పాలిన్ల మీద ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. జీపు దిగగానే మా ఇద్దరికీ తుమ్ములు మొదలయ్యాయి.

గేటు మీద గుర్తు నల్ల రంగుతో ఉంది. ఒక వలయం, కుడివైపు పైన కొంత తెగి ఉంది. వలయం లోపల నేల మీద ఆనించి నిలబెట్టిన కర్ర. కర్రకు అటూ ఇటూ రెండు పాదాల ముద్రలు. నిజం చెప్పాలంటే, దూరం నుంచి చూస్తే నాకూ అది నెలవంకలాగే కనిపించింది. రంగులు వేసినవాడు వలయాన్ని ఎడమవైపు మందంగా మొదలుపెట్టి, తెగినచోటికి వచ్చేసరికి రెండు కొసల్నీ సన్నగా లాగాడు. అర్జీ పెట్టినవాళ్లది ఉత్త కల్పన కాదని అక్కడే అర్థమైంది.

మస్తాన్ వలీ గారిని అడిగాను. ఆయన భారీ మనిషి. రంగేసిన మీసం, లారీ హారన్‌లాంటి గొంతు. గోడ నిండా పోటీల్లో వచ్చిన మెడల్స్ మేకులకు వేలాడుతున్నాయి. మాకు కుర్చీలు వేయించి, గోలీ సోడాలు తెప్పించి, ఆ తర్వాత ఒక్క ముక్క కూడా చెప్పనన్నాడు.

“ఆ గుర్తు మా గురువుగారు వేసింది మేడం. నేను పుట్టి పెరిగిన ఊరు ఇది. ఇయ్యాళ దానికి అర్థం చెప్పుకుని బతకాల్సిన గతి పట్టిందా నాకు? ఊళ్లో సగం మంది నా దగ్గర నేర్చుకున్నోళ్లే. తెలీదంటారా వాళ్లకి?”

మీరు చెబితే నా రిపోర్టులో రాస్తాను, పని సులువవుతుందన్నాను. ఆయన తల అడ్డంగా ఊపి, ఎవరిదో లారీ వచ్చిందని బయటికి వెళ్లిపోయాడు. ఎస్సై ముఖం ఎర్రబడింది. నాకు మాత్రం కోపం రాలేదు. అవమానం జరిగిందనుకునే మనిషిని జవాబు అడిగితే వచ్చేది జవాబు కాదని అప్పటికి చాలా స్టేషన్లలో చూశాను.

మమ్మల్ని సాగనంపడానికి ఆయన కూతురు నజీమా వచ్చింది. ఆ అమ్మాయి హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయురాలు. ఉదయం పూట ఇక్కడ పిల్లలకు సాము నేర్పుతుంది. “నాన్న అంతే మేడం, పొగరు. రేపు పొద్దున క్లాసుకి రండి. చెప్పేకంటే చూస్తేనే తెలుస్తది” అంది.

వెళ్లాను. యూనిఫాం లేకుండా, చీరలో. ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసి కర్ర తిప్పడం సాధన చేస్తున్నారు. చెవి ఎత్తుకు కొలిచి కోసిన వెదురు కర్రలు, ఎవరి ఎత్తుకు తగ్గది వాళ్లది. అదయ్యాక నజీమా ఒక అమ్మాయిని మధ్యలో నిలబెట్టి, నలుగురిని చుట్టూ కర్రలతో నిలబెట్టింది. నలుగురూ కర్రలు తిప్పుకుంటూ దగ్గరికి రావాలి, కానీ మధ్యలో ఉన్న అమ్మాయి వెనక ఎప్పుడూ ఒక మనిషి పట్టేంత సందు ఉండాలి. ఆమె తిరిగితే సందూ ఆమెతోపాటు తిరగాలి. చూడటానికి తేలికే గానీ చేయడం చాలా కష్టం. ఒక కుర్రాడు ఉత్సాహం పట్టలేక ఆ సందు మూసేశాడు. నజీమా వెంటనే ఈల వేసి అతన్ని బరి బయటికి పంపేసింది. కొట్టినందుకు కాదు, మూసినందుకు.

మా పోలీసు శిక్షణలో గుంపును చెదరగొట్టే డ్రిల్లు ఉంటుంది. లాఠీచార్జికి ముందు హెచ్చరించాలి, చెదిరిపోవడానికి వాళ్లకు దారి చూపించాలి, ఆ తర్వాతే కదలాలి. ఆ రెండో మాట పరీక్ష కోసం అందరం బట్టీ పడతాం. రోడ్డు మీదికి వచ్చాక అంతగా గుర్తుండదు. ఇక్కడ దాన్ని పిల్లలు ఆటలా చేస్తుంటే చూడటం వింతగా అనిపించింది. గేటు మీద తెగిన వలయం ఏమిటో నాకు కొంత తెలిసింది. కానీ నాకు తెలిస్తే సరిపోదు. పోలీసులు చెప్పిన అర్థాన్ని ఊరు నమ్మదు, ‘మేనేజ్ చేశారు’ అంటుంది.

అదే రోజు తిరునాళ్ల కమిటీ పెద్ద అంకమ్మరావు గారి ఇంటికి వెళ్లాను. మిర్చి, పొగాకు వేసే రైతు, మాట పెళుసు, మనసులో కల్మషం లేని మనిషి. అర్జీలో మొదటి సంతకం ఆయనదే. “నాకు మస్తాన్ సంగతి తెలవదా అమ్మా? నా మనవరాలే ఆడికి పోతది. కానీ కుర్రాళ్లు నా మాట ఇనే రోజులా ఇయ్యి? సంతకం పెట్టకపోతే ‘పెద్దాయన అమ్ముడుపోయాడు’ అంటారు” అన్నాడు. అది నెలవంక అని మొదట అన్నదెవరని అడిగితే, ఊళ్లో అనుకుంటున్నారని దాటేశాడు. ఆయన చెప్పనిది ఎస్సై కనుక్కొచ్చాడు. మొదట అన్నది అంకమ్మరావు గారి సొంత తమ్ముడి కొడుకు శీను. శీను చిన్నప్పటి నుంచీ తాలింఖానాలో పెరిగినవాడు, మస్తాన్ వలీ శిష్యుల్లో మేటి. కిందటి దసరాకి వైన్ షాపు దగ్గర ఎవరితోనో మాటా మాటా పెరిగి, ఒకడి చెయ్యి విరగ్గొట్టాడు. ఆ మర్నాడే మస్తాన్ వలీ అతని కర్ర తీసుకుని, ఇక రావద్దన్నాడు. కేసు రాజీ అయిపోయింది కానీ శీను మనసు రాజీపడలేదు.

శాంతి సంఘం సమావేశం పెట్టాలనుకున్నాను. ఇరుపక్షాల పెద్దల్నీ తహసీల్దారు సమక్షంలో కూర్చోబెట్టి మాట్లాడించే పద్ధతి అది. అది జరగకముందే గొడవ వచ్చిపడింది. తిరునాళ్లకు కొద్దిరోజుల ముందు, ఆదివారం పొద్దున పది దాటాక, ఎస్సై ఫోను చేశాడు. కుర్రాళ్లు ట్రాక్టరు ట్రక్కులో తారు డబ్బాతో తాలింఖానాకి బయల్దేరారు, గేటుకు పూస్తారట. పక్క ఊరి వాళ్లు కూడా కలిశారు.

నేను వెళ్లేసరికి ఎస్సై నలుగురు కానిస్టేబుళ్లతో అప్పుడే చేరుకున్నాడు. వీధి నిండా కుర్రాళ్లు. గేటు లోపల, షెడ్డులో, సాము పిల్లలూ మెకానిక్కులూ కర్రలు పట్టుకుని నిలబడ్డారు. వాళ్లలో హిందువులే ఎక్కువ. కానీ బయటివాళ్లు అది చూసే స్థితిలో లేరు. గేటు ముందు శీను, చేతిలో తారు డబ్బా, ఇంకో చేతిలో బ్రష్షు. అరుపులు. మా ఎస్సై జీపు వీధి మొదట్లో అడ్డంగా ఉంది. నేరస్థుల్ని పట్టుకోవడానికి వెళ్తే మా డ్రైవర్లు అలాగే ఆపుతారు, అలవాటు. వీధి రెండో కొస గోడ. అంటే వచ్చినవాళ్లు లోపల చిక్కుకున్నారు. వెనక వరసలో ఉన్నవాళ్లు మాటిమాటికీ వెనక్కి చూసుకుంటున్నారు. వాళ్ల కళ్లలో కోపం కంటే భయమే ఎక్కువ కనిపించింది. ఒకడు అప్పటికే వంగి ఇటుక ముక్క తీశాడు.

అప్పుడు షెడ్డు లోపలి నుంచి మస్తాన్ వలీ గొంతు వినిపించింది. ముందు తన వాళ్లతో.

“కర్రలు నేలకి ఆనించండ్రా! ఒక్కడి కర్ర లేచిందా, ఇయ్యాళ్టితో ఆడు నా శిష్యుడు కాదు. నజీమా, కల్లం తలుపు తియ్యమ్మా, మన పిల్లలకీ దారుండాలి!”

తర్వాత నా వైపు తిరిగి, “మేడం, ఆ జీపు తీయించండి. పాపం, ఆళ్లకి పోయే దారి లేదు!”

నేను ఎస్సైకి సైగ చేశాను. అతను ఒక్క క్షణం తటపటాయించాడు. గుంపు తప్పించుకుంటుందని అతని బెంగ. తీయండి అన్నాను. జీపు పక్కకు జరిగింది. అటు కల్లం తలుపు కూడా తెరుచుకుంది. గాలికి మిరపఘాటు వీధిలోకి ఒక్కసారిగా కొట్టింది. అరుస్తున్నవాళ్లు దగ్గడం మొదలుపెట్టారు, పోలీసులతో సహా. దగ్గుతూ తిట్టడం కుదరదు. ఆ గందరగోళంలో వెనక వరస ఒకరొకరుగా పలచబడింది. వాళ్లను ఎవరూ ఆపలేదు, పట్టుకోలేదు. పక్క ఊరివాళ్లయితే ట్రాక్టరు కూడా ఎక్కకుండా నడిచి వెళ్లిపోయారు. ఇటుక తీసినవాడు దాన్ని మెల్లగా గోడ పక్కన పెట్టేశాడు.

మిగిలింది ఊరి కుర్రాళ్లు, శీను. ఈలోపు ఎవరో చెప్పగా అంకమ్మరావు గారు కండువా సరిచేసుకుంటూ ఆయాసపడుతూ వచ్చాడు. మస్తాన్ వలీ గేటు తెరిచి బయటికి వచ్చి, శీనుకు ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“పూస్తావా? పుయ్యి. అడ్డం రాను. కాకపోతే పూసేముందు అదేందో మీవోళ్లకి చెప్పి పుయ్యి. నీకు నేర్పింది నేనేగా.”

శీను బ్రష్షుకంటిన తారును డబ్బా అంచుకు రాశాడు.

“చెప్పరా. నెలవంకేనా అది?”

శీను తన వాళ్ల వైపు చూడలేదు, మస్తాన్ వలీ వైపూ చూడలేదు, గేటు వైపే చూశాడు. అతను అబద్ధం చెప్పడానికి అక్కడ అడ్డేమీ లేదు. ఆ క్షణంలో ‘అవును’ అంటే ఊరు నమ్మేది.

“కాదు” అన్నాడు చివరికి.

“గట్టిగా చెప్పు, ఎనకోళ్లకి ఇనపళ్లా.”

“కాదు మాస్టారూ! అది బరి. మనం కర్ర తిప్పితే చుట్టూ పడే గీత.”

“తెగిందెందుకు?”

“ఎదుటోడు పోవడానికి. దారి లేకుండా చేస్తే ఆడు చావుకి తెగించి కొడతాడు. ఆడూ పోతాడు, మనమూ పోతాం. అందుకని ఒకచోట తెరిచి ఉంచాలి.”

“కర్ర?”

“నేలకి ఆనించి ఉంటది. పైకెత్తేలోపు ఒకసారి ఆలోచించుకోవాలని.”

“పాదాలు?”

శీను బ్రష్షుతో గేటు మీది పాదాల్ని ఒక్కొక్కటే చూపించాడు.

“ఒకటి ముందుకి, ఒకటి ఎనక్కి” అన్నాడు శీను. “ఎనకడుగు రానోడికి ముందడుగు నేర్పరు.”

అందరూ గేటు వైపు చూశారు. అప్పటిదాకా నేనూ గమనించలేదు, రెండు పాదాల్లో ఒకదాని వేళ్లు పైకి, ఇంకోదాని వేళ్లు కిందికి ఉన్నాయి. గుంపులోంచి ఒకడు దగ్గు ఆపుకుంటూ, “ఒరేయ్ శీనుగా, మరి మాకు చందమామ అని చెప్పింది నువ్వే కదరా!” అన్నాడు. ఎవరో నవ్వారు. ఆ నవ్వుతో అందరి భుజాలూ కిందికి దిగాయి. నా భుజాలూ దిగాయి.

అంకమ్మరావు గారు ముందుకు వచ్చి తమ్ముడి కొడుకు చేతిలోంచి బ్రష్షు లాక్కుని, “ఇంటికి పద. మీ అమ్మకి ఏం చెప్పుకుంటావో చెప్పుకో” అన్నాడు. డబ్బా కూడా తీసుకోబోతే మస్తాన్ వలీ ఆపాడు. “అది ఇక్కడే పెట్టి పొమ్మను అన్నా. మా రేకులు పోయిన వానాకాలం నుంచి కారతన్నయ్.” తారు డబ్బా అలా తాలింఖానాకే చేరింది.

మధ్యాహ్నం అందరం ఆ చావడిలోనే ఇసక మీద కూర్చున్నాం. సమావేశానికి తహసీల్దారు గారు కూడా అక్కడికే వచ్చారు. గుర్తు చెరపడానికి మస్తాన్ వలీ ఒప్పుకోలేదు, చెరపమని ఎవరూ అడగలేదు. కానీ చూసేవాళ్లకు నెలవంకలా కనిపిస్తోందన్న మాట ఆయన మొదటిసారి నెమ్మదిగా విన్నాడు. బయటికి వెళ్లి, వీధి అవతల నిలబడి, తల పక్కకు వంచి చాలాసేపు చూసుకున్నాడు. “నిజమేనయ్యో. మా గురువుగారు బొగ్గుతో గీసినప్పుడు గీత అంతా ఒకటే మందం. ఈ పెయింటరు సోకు చేశాడు” అన్నాడు. గీత ఒకే మందంతో మళ్లీ వేయించడానికి అక్కడికక్కడే ఒప్పుకున్నాడు. గురువుగారి పేరు అడిగాను. కోటిలింగం గారట, ఆ ఊరి పత్తి జిన్నింగు మిల్లులో పనిచేసేవాడట. ఆ సంగతి ఊరి ముసలివాళ్లందరికీ తెలుసు. కానీ అంతవరకు ఎవరినీ ఎవరూ అడగలేదు.

మొదటిరోజే నాకు అర్థం చెప్పి ఉంటే ఇంతదూరం వచ్చేది కాదు కదా అని మస్తాన్ వలీ గారిని అడిగాను. దాచకుండా చెప్పాడు. “ఆ రోజు కోపంతో చెప్పలేదు మేడం. ఇయ్యాళ మాత్రం కావాలనే ఆడితో చెప్పించా. నేను చెప్తే అది మస్తాన్ మాట. ఆడు చెప్తే ఊరి మాట.”

ఎస్సై శీను మీద కేసు కట్టాలన్నాడు. కనీసం బైండోవర్ చేయాలన్నాడు, అంటే శాంతిభద్రతలకు భంగం కలిగించనని తహసీల్దారు ముందు పూచీ రాయించుకోవడం. రెండూ వద్దన్నాను. అతను తారు పూయలేదు, ఎవరినీ కొట్టలేదు. తనను వెలివేసిన మనిషి గురించి ఊరి ముందు నిజం చెప్పాడు. పూచీ అవసరమైతే అంతకంటే గట్టిది ఏ కాగితం మీదా దొరకదు. అర్జీ మీద ‘అపోహ తొలగినది, ఉభయులూ సమ్మతించినారు, తదుపరి చర్య అవసరం లేదు’ అని రాసి డీఎస్పీ గారికి పంపాను. ఆయన ఫోను చేసి, ఇంతేనా అన్నారు. ఇంతే సార్ అన్నాను.

శివరాత్రి నాడు సాయంత్రం ప్రభ కదిలింది. ముందు తాలింఖానా పిల్లలు, అవే చొక్కాలతో. అంకమ్మరావు గారి మనవరాలు కర్ర తిప్పుతుంటే ఆయన కండువాతో కళ్లు తుడుచుకుంటూ, మిరపఘాటు అమ్మా అన్నాడు. అక్కడ కల్లాలేమీ లేవు. శీను ఆ ఏడు సాముకు రాలేదు, గుంపులో ఎక్కడో నిలబడ్డాడని నజీమా చెప్పింది. తర్వాత అతను చీమకుర్తిలో క్రేన్ ఆపరేటరుగా చేరాడని విన్నాను. వాళ్ల చెల్లెలు మాత్రం తాలింఖానాలో చేరింది. ప్రభ గుడి దగ్గరికి చేరి కొబ్బరికాయ కొట్టినప్పుడు నేను జీపు బానెట్‌కు ఆనుకుని చెరుకురసం తాగుతున్నాను. ఆ ఉద్యోగంలో నేను తాగిన వాటిలో అంత చల్లగా గొంతులో దిగింది మరొకటి లేదు.

ఈ సంగతి నుంచి నేను నేర్చుకున్నవి రెండు, రెండూ పనికి సంబంధించినవే. ఒక గుర్తు మీద గొడవ వస్తే, దాన్ని పెట్టినవాడిని అడగడంతో విచారణ పూర్తి కాదు, కాదంటున్నవాడికి దాని గురించి ఏం తెలుసో కూడా అడగాలి. రెండోది బందోబస్తు గురించి. అప్పటిదాకా నేను స్కెచ్ గీసేటప్పుడు మావాళ్లు ఎక్కడెక్కడ నిలబడాలో ముందు రాసేదాన్ని. ఆ తర్వాత రిటైరయ్యే దాకా, ప్రతి స్కెచ్‌లోనూ జనం ఇళ్లకు వెళ్లే దారులు ముందు గీసి, మిగిలిన చోట్లలో పోలీసుల్ని పెట్టాను. ఆ మూడేళ్లలో నా సర్కిల్‌లో లాఠీ ఎత్తాల్సిన అవసరం రాలేదు.